బీఓఎస్ అంత చురుగ్గా ఎలా పనిచేసింది? దాని రూపకల్పన, చరిత్రపై చర్చ

కొత్తకెర్నెల్ (ఆదివారం, ఉదయం 10:12)

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాకు ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనుల వరసల) పాఠం నడుస్తోంది. దాని కోసం వెతుకుతుంటే 1990లలో వచ్చి తర్వాత ఆగిపోయిన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం ప్రదర్శన వీడియో ఒకటి కనబడింది. ఈనాటి చవక ఫోను ముందు కూడా నిలవలేని యంత్రం మీద నాలుగైదు వీడియోలు ఒకేసారి ఆడుతున్నాయి. మధ్యలో ప్రదర్శిస్తున్నాయన విండోలను పట్టుకుని తెర అంతా తిప్పుతున్నా ఒక్క వీడియో కూడా తడబడలేదు. మా ల్యాబులోని కొత్త యంత్రాల్లోనే బ్రౌజర్ బిగుసుకుపోవడం రోజూ చూస్తున్న నాకు ఇది నమ్మశక్యంగా అనిపించలేదు. అది కెర్నెల్ (సిస్టం లోపలి కేంద్రభాగం) గొప్పతనమా, లేక ప్రదర్శన కోసం చేసిన ఏర్పాటా? వాడినవారు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పగలరు.

పాతడిస్కు (ఆదివారం, మధ్యాహ్నం 1:47)

బాబూ, అది ప్రదర్శన కోసం చేసిన ఏర్పాటు కాదు. నేను స్వయంగా వాడాను.

2000లో ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఇచ్చిన సీడీలో బీఓఎస్ ఐదో విడుదల వ్యక్తిగత ప్రతి దొరికింది. దానికోసం డిస్కును విభజించనక్కర్లేదు. విండోస్ లోపలే 500 ఎంబీల ఫైలు ఒకటి తయారుచేసుకుని, ఆ ఫైలునే తన డిస్కుగా భావించి నడిచేది. మా ఇంట్లో ఉన్నది 64 ఎంబీల మెమరీ ఉన్న పెంటియం 2. విండోస్ 98 మొదలయ్యేలోగా మా అమ్మ టీ పెట్టి తెచ్చేది. బీఓఎస్ మొదలైన రోజున మాత్రం తెర మీద చిహ్నాలు ఒక్కొక్కటే వెలిగి, నేను కుర్చీ సర్దుకునేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. పాటల ఫైలు ఆడుతుండగా పెద్ద ఫోల్డరు కాపీ చేస్తూ మరో విండో తెరిచి చూశాను. పాట ఒక్కసారి కూడా తెగలేదు. ఆ రాత్రి ఏది చేస్తే అది ఆగుతుందా అని పందెం వేసినట్టు విండోలు తెరుస్తూనే కూర్చున్నాను.

ఇక చరిత్ర క్లుప్తంగా చెబుతాను. ఆపిల్‌లో ఉత్పత్తుల విభాగానికి అధిపతిగా చేసిన ఫ్రెంచి దేశస్థుడు ఝాన్ లూయి గాసే 1990లో ఆ సంస్థను విడిచి, స్టీవ్ సాకొమన్‌తో కలిసి కాలిఫోర్నియాలో బీ అనే సంస్థను స్థాపించాడు. పాత వ్యవస్థలతో పొత్తు కుదర్చాల్సిన అవసరం లేకుండా, ధ్వని, వీడియో వంటి పనుల కోసం మొదటినుంచీ కొత్తగా రాసిన వ్యవస్థ ఉండాలన్నది వారి ఉద్దేశం. మొదటి నమూనాలు ఏటీ అండ్ టీ వారి హాబిట్ ప్రాసెసర్ల మీద కట్టారు. ఆ సంస్థ హాబిట్‌నే ఆపేయడంతో పవర్‌పీసీకి మారారు. 1995 అక్టోబరులో బీబాక్స్ అనే కంప్యూటరు బయటికి వచ్చింది. అందులో 66 మెగాహెర్ట్జ్ పవర్‌పీసీ 603 ప్రాసెసర్లు రెండు ఉండేవి. ఏ ప్రాసెసరు ఎంత పని చేస్తున్నదో చూపడానికి ముందు పలక మీద రెండు వరసల్లో దీపాలు పైకీ కిందికీ ఆడేవి. ఒక ఇంటి యంత్రంలో రెండు ప్రాసెసర్లు పెట్టడమే అప్పట్లో వింత. వీటిని అమ్మింది మాత్రం రెండు వేల లోపే. 1997 ఆరంభంలో యంత్రాల తయారీ మానేసి, ఆపరేటింగ్ సిస్టం మీదే దృష్టి పెట్టారు.

తాళంచెవి (ఆదివారం, సాయంత్రం 6:30)

కొత్తకెర్నెల్ గారూ, మీ ప్రశ్నకు జవాబు కెర్నెల్‌లో కొంత, దాని పైనున్న పొరలో ఎక్కువగా ఉంది. నేను ఇరవై ఏళ్లుగా బహుళ థ్రెడ్ల ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను కాబట్టి ఈ భాగం కొంచెం సాగదీస్తాను.

చాలా వ్యవస్థల్లో ఒక అప్లికేషన్‌కు ఎన్ని విండోలున్నా, వాటి బొత్తాలు, మెనూలు, గీయడాలు అన్నీ ఒకే థ్రెడ్‌లో నడుస్తాయి. ఆ థ్రెడ్ ఒక ఫైలు కోసం ఎదురుచూస్తే అన్ని విండోలూ మొద్దుబారిపోతాయి. బీఓఎస్‌లో ఈ అవకాశమే లేకుండా చేశారు. మీరు విండో అనే వస్తువును సృష్టించగానే దానికంటూ ఒక థ్రెడ్ పుడుతుంది. ఆ థ్రెడ్ తనకొచ్చే సందేశాలను వరసగా తీసుకుని పని చేస్తుంది. తెర మీద గీసే బాధ్యత యాప్ సర్వర్ అనే, విడిగా నడిచే వేరే ప్రాసెస్‌ది. అక్కడ కూడా ఒక్కో విండోకు మరో థ్రెడ్ జతగా ఉంటుంది. అంటే మూడు విండోల చిన్న ప్రోగ్రాము రాసినవాడు, తనకు తెలిసినా తెలియకపోయినా, అరడజనుకు పైగా థ్రెడ్లను నడుపుతున్నట్టే. రెండు ప్రాసెసర్లు ఉంటే ఆ పని తనంతట తానే రెండింటికీ పంచబడుతుంది.

కెర్నెల్ తన వంతు సాయం ప్రాధాన్యాల ద్వారా చేసేది. మామూలు పనికి 10, తెరకు సంబంధించిన పనికి 15, అత్యవసరంగా తెర మీద కనబడాల్సినదానికి 20, వంద దాటితే నిజకాలపు పనులు అన్నట్టు అంకెలు ఉండేవి. ధ్వని థ్రెడ్ 120లో కూర్చుంటే ఫైలు కాపీ ఎంత జరుగుతున్నా పాట తెగదు. పాతడిస్కు గారు విన్నది అదే.

ఇందులో ఒక ముఖ్య విషయం ఉంది. ఈ చురుకుదనం మొత్తానికీ వెల చెల్లించింది ప్రోగ్రామర్. ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా ప్రతి విండోకూ ఒక తాళం ఉంటుంది. ఒక విండో థ్రెడ్ తన తాళం పట్టుకుని రెండో విండో తాళం కోసం ఆగుతుంది. అదే క్షణంలో రెండోది తన తాళం పట్టుకుని మొదటిదాని కోసం ఆగుతుంది. ఇద్దరూ అలాగే ఉండిపోతారు. వేరే వ్యవస్థ నుంచి ప్రోగ్రాములు తెచ్చినవారికి మొదట తగిలిన దెబ్బ ఇదే. ఒకరి తాళం మరొకరు పట్టుకోకుండా సందేశం పంపి ఊరుకోవడం దీనికి సరైన పద్ధతి. అయితే దానికోసం ప్రోగ్రాము ఆలోచననే మార్చుకోవాలి. నా అభిప్రాయంలో బీఓఎస్ చేసిన అసలైన నిర్ణయం ఇదే: వాడేవాడు ఎదురుచూడకూడదు, రాసేవాడు కష్టపడినా ఫరవాలేదు.

థ్రెడ్లు ఇన్ని ఉన్నప్పుడు తాళాలు చవకగా ఉండాలి. వారు వాడిన ఉపాయం పేరు బెనాఫోర్. బీ సంస్థ ఇంజనీరు బెన్వా షిల్లింగ్స్ పేరునూ సెమాఫోర్‌నూ కలిపి పెట్టిన పేరది. సెమాఫోర్ అంటే థ్రెడ్లు తమ వంతు కోసం ఆగడానికి కెర్నెల్ ఇచ్చే లెక్కింపు గుర్తు. ఒక లెక్క సున్నాతో మొదలవుతుంది. తాళం కావాలన్నవారు విడదీయలేని ఒకే చర్యలో దానికి ఒకటి కలుపుతారు. కలిపే ముందున్న విలువ సున్నా అయితే తాళం వారిదే, కెర్నెల్‌ను పలకరించే పనే లేదు. సున్నా కాకపోతేనే సెమాఫోర్ దగ్గర నిద్రపోతారు. విడిచేవారు ఒకటి తీసేస్తారు. తీసే ముందున్న విలువ ఒకటి కంటే ఎక్కువైతే ఎవరో వేచి ఉన్నట్టు లెక్క, వారిని లేపుతారు. పోటీ అరుదుగా ఉండే చోట కెర్నెల్‌లోకి వెళ్లిరావడం పూర్తిగా తప్పుతుంది.

కొత్తకెర్నెల్ (ఆదివారం, రాత్రి 9:05)

తాళంచెవి గారూ, ధన్యవాదాలు. ఒక సందేహం. నేను లెక్కకు ఒకటి కలిపాను, ముందు విలువ ఒకటి అని వచ్చింది. సెమాఫోర్ దగ్గరికి వెళ్లేలోపే అవతలి థ్రెడ్ తాళం విడిచి నన్ను లేపేసింది. నేనింకా నిద్రపోనే లేదు కదా, ఆ పిలుపు వృథా అయి నేను శాశ్వతంగా నిద్రపోనా?

తాళంచెవి (ఆదివారం, రాత్రి 9:41)

మంచి ప్రశ్న. నిద్రపోరు. సెమాఫోర్‌కు జ్ఞాపకం ఉంటుంది. అది సున్నాతో మొదలవుతుంది, అవతలి థ్రెడ్ విడిచినప్పుడు ఒకటి అవుతుంది. మీరు ఆలస్యంగా వచ్చినా ఆ ఒకటి మీకోసం అక్కడే ఉంటుంది, దాన్ని తీసుకుని ఆగకుండా ముందుకు వెళ్తారు. సెమాఫోర్‌కు బదులు జ్ఞాపకం లేని ఉత్త పిలుపును వాడి ఉంటే మీరు భయపడినదే జరిగేది.

సూచిక (సోమవారం, ఉదయం 7:55)

థ్రెడ్ల గురించి మాట్లాడుకుంటూ ఫైల్ సిస్టమ్‌ను వదిలేస్తే బీఓఎస్‌కు అన్యాయం చేసినట్టే. నా ఉద్యోగం డేటాబేసులతో కాబట్టి నాకు అదే ఎక్కువ ఇష్టం.

మొదటి బీఓఎస్ విడుదలల్లో ఫైల్ సిస్టం ఒకటి, దాని పక్కన వేరుగా ఒక డేటాబేసు ఉండేవి. ఫైలును జరిపినా, చెరిపినా డేటాబేసుకు ఆ సంగతి చేరేలా చూడడం తలనొప్పిగా మారింది. రెండింటి మాటా ఒకటిగా ఉండకపోవడంతో డొమినిక్ జంపావ్లో, సిరిల్ మెరీయోఁ 1996 శరత్కాలంలో కొత్త ఫైల్ సిస్టం రాయడానికి కూర్చుని, ఏడాదిలోపే బీఎఫ్ఎస్‌ను పనిచేసే స్థితికి తెచ్చారు. ఇద్దరు మనుషులు, అంత తక్కువ కాలం. నేను ఎప్పుడు తలుచుకున్నా నాకు గౌరవం కలుగుతుంది.

దానిలో 64 బిట్ల చిరునామాలు ఉన్నాయి, మార్పులను ముందుగా చిట్టాలో రాసుకునే పద్ధతి ఉంది. కరెంటు పోయి వచ్చినా డిస్కంతా తనిఖీ చేస్తూ కూర్చోనక్కర్లేదు. మన ఊళ్ల కరెంటు కోతల కాలంలో ఆ ఒక్క గుణమే చాలు అనిపిస్తుంది. అయితే ఆ చిట్టా కాపాడేది ఫైల్ సిస్టం కట్టడాన్నే, మీరు సగం రాసిన ఫైలులోని సమాచారాన్ని కాదు.

అసలు అందం లక్షణాల్లో ఉంది. ప్రతి ఫైలుకూ పేరు, పరిమాణం, తేదీతో పాటు మీరు కోరిన లక్షణాలను ఎన్నయినా తగిలించవచ్చు. చిన్న లక్షణాలు ఫైలు ఐనోడ్ (ఫైలు వివరాలు ఉండే చిన్న నమోదు) ఉన్న బ్లాకులోనే మిగిలిన చోటులో ఇమిడిపోతాయి, వాటిని చదవడానికి డిస్కు మరోసారి తిరగనక్కర్లేదు. ఏ లక్షణానికైనా సూచిక (ఇండెక్స్) పెట్టుకుంటే అది బీ ప్లస్ చెట్టు అనే, త్వరగా వెతకడానికి వీలైన అమరికగా డిస్కు మీద ఉంటుంది. ఆపై ఫలానా లక్షణం ఫలానా విలువ ఉన్న ఫైళ్లు కావాలని అడిగితే ఫోల్డర్లన్నీ గాలించకుండా జవాబు వచ్చేస్తుంది. ఆ జవాబు సజీవంగా కూడా ఉండగలదు: వెతుకులాట విండో తెరిచి ఉండగా ఎక్కడో ఒక ఫైలు ఆ షరతుకు సరిపోతే, అది ఆ విండోలో వచ్చి చేరుతుంది. షరతు తప్పిన ఫైలు దానంతట అదే మాయమవుతుంది.

పాతడిస్కు (సోమవారం, ఉదయం 9:20)

సూచిక గారు చెప్పినదాన్ని నేను ఈమెయిల్‌లో చూశాను. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. ఎవరు పంపారు, విషయం ఏమిటి, చదివామా లేదా అన్నవి ఆ ఫైలు లక్షణాలు. చదవని ఉత్తరాలు అనే వెతుకులాటను డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే అదే నా ఇన్‌బాక్స్. ఉత్తరాలకోసం ప్రత్యేకంగా పెద్ద ప్రోగ్రాము అవసరం లేకుండా, ఫోల్డరు చూపించే ట్రాకరే వాటిని వరసలు వరసలుగా చూపించేది. పరిచయస్తుల చిరునామాలు కూడా అంతే, ఒక్కో మనిషి ఒక్కో ఫైలు.

అయితే ఆ ఉత్తరాలు నేను నేరుగా దింపుకోలేకపోయాననే బాధ ఇప్పటికీ ఉంది. మా యంత్రంలో ఉన్నది సగం పని విండోస్ చేతే చేయించుకునే రకం చవక మోడెం. బీఓఎస్ దాన్ని గుర్తించనే లేదు. అమ్మిన దుకాణానికి వెళ్లి అడిగితే మోడెం బాగానే ఉంది, మీ సిస్టమే పాడైందని చెప్పి పంపేశారు. విండోస్‌లో ఉత్తరాలు దింపి, వాటిని మోసుకొచ్చి బీఓఎస్‌లో చదివిన రోజులవి.

కోఠిసెంటర్ (సోమవారం, మధ్యాహ్నం 12:15)

ఇంత మంచి వ్యవస్థ ఎందుకు పోయిందో కూడా మాట్లాడుకోవాలి. నా మాట సూటిగా చెబుతాను: దాన్ని జనం తిరస్కరించలేదు, జనం దగ్గరికి చేరనివ్వలేదు.

మొదటి దెబ్బ ఆపిల్‌తో తగిలింది. 1996లో ఆపిల్ తన కొత్త వ్యవస్థ కోప్లాండ్‌ను రద్దు చేసుకుని, బయటి నుంచి ఒక వ్యవస్థను కొనాలని చూసింది. బీఓఎస్ అప్పటికే మాక్ యంత్రాల మీద నడుస్తోంది. గాసే అడిగిన ధరకూ ఆపిల్ ఇస్తానన్న ధరకూ పొంతన కుదరలేదు. ఆ డిసెంబరులో ఆపిల్ 400 మిలియన్ డాలర్లకు పైగా పెట్టి స్టీవ్ జాబ్స్ సంస్థ నెక్స్ట్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ఆపై వచ్చిన తన జీ3 మాక్ యంత్రాల లోపలి వివరాలను బీ సంస్థకు ఇవ్వలేదు. అలా మాక్ దారి మూసుకుపోయింది.

1998లో మూడో విడుదలతో ఇంటెల్ యంత్రాలకు వచ్చారు. అక్కడ మైక్రోసాఫ్ట్ ఉంది. యంత్రం మొదట వెలిగినప్పుడు కనబడేలా బీఓఎస్‌ను పెడితే ఆ తయారీదారుకు దాన్ని ఉచితంగా ఇస్తానని గాసే 1999లో బహిరంగంగా చెప్పాడు. ఎవరూ ముందుకు రాలేదు. హిటాచీ ఫ్లోరా ప్రియస్ అనే యంత్రంలో బీఓఎస్‌ను వేసి అమ్మారు. కానీ మొదట్లో ఏది కావాలో ఎంచుకునే తెరను పెట్టలేదు. కొన్నవాడికి తన డిస్కులో రెండో వ్యవస్థ ఉన్న సంగతి కంటికి కనబడదు, ఫ్లాపీ వేసి ప్రత్యేకంగా లేపుకోవాలి. ఉచితంగా ఇస్తానన్నా తీసుకోలేని మార్కెట్‌ను స్వేచ్ఛా మార్కెట్ అని నేను అనలేను. ఈ విషయమై బీ సంస్థ 2002 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 2003లో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 23.25 మిలియన్ డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అప్పటికి బీ సంస్థ ఆస్తులు చేతి కంప్యూటర్లు తయారుచేసే పామ్ సంస్థ చేతికి వెళ్లిపోయాయి. ధర 11 మిలియన్ డాలర్లు, అదీ షేర్ల రూపంలో.

నాలుగోపొర (సోమవారం, సాయంత్రం 5:48)

కోఠిసెంటర్ గారు చెప్పిన సంఘటనలు నిజమే. కానీ తప్పంతా బయటివారిదే అనడాన్ని నేను ఒప్పుకోను. నేను ఆ రోజుల్లో దీని మీద ఒక చిన్న నెట్‌వర్క్ ప్రోగ్రాము తేవడానికి ప్రయత్నించి విరమించుకున్నాను.

బీఓఎస్‌లో నెట్‌వర్క్ పని కెర్నెల్‌లో కాకుండా నెట్ సర్వర్ అనే బయటి ప్రాసెస్‌లో జరిగేది. యూనిక్స్‌లో సాకెట్ (నెట్‌వర్క్ సంబంధానికి కొస) కూడా తెరిచిన ఫైలులాగే ఒక సంఖ్యే కాబట్టి ఫైళ్లనూ సాకెట్లనూ ఒకేచోట కనిపెట్టుకుని ఉండవచ్చు. బీఓఎస్‌లో సాకెట్ ఫైలు కాదు. దాంతో యూనిక్స్ ప్రోగ్రాములు తెచ్చినప్పుడు ఆ భాగమంతా తిరగరాయాల్సి వచ్చేది. దీన్ని సరిచేసే బోన్ అనే కొత్త నెట్‌వర్క్ పొరను తయారుచేస్తూనే ఉన్నారు, అధికారికంగా వినియోగదారులకు అందకముందే సంస్థ దారి మళ్లింది. 2000 ఆరంభంలో డెస్క్‌టాప్‌ను పక్కనపెట్టి, ఇంటర్నెట్ చూసే చిన్న గృహోపకరణాల మీద దృష్టి పెడతామని ప్రకటించారు. ఐదో విడుదల వచ్చిందీ ఆ ప్రకటన తర్వాతే. ఇల్లు ఖాళీ చేస్తూ గృహప్రవేశానికి పిలిచినట్టుందని అప్పుడు మేమంతా బాధపడ్డాం.

వినియోగదారు ఒక్కడే ఉండడం మరో లోపం. ఎవరు కూర్చున్నా వ్యవస్థ దృష్టిలో అతడు బేరన్ అనే ఒకే వ్యక్తి, అన్ని అధికారాలూ అతడివే. ఇంట్లో ఒకరు వాడుకుంటే సరే, కళాశాల ల్యాబులో ఎలా పెడతారు?

ఇక ప్రోగ్రాములు రాసే భాష సీ ప్లస్ ప్లస్ సంగతి. వ్యవస్థ మొత్తాన్ని తరగతుల (క్లాసులు అనే సిద్ధంగా ఉన్న కోడ్ అచ్చుల) రూపంలో ఇవ్వడం వల్ల రాయడానికి హాయిగా ఉండేది. కానీ ఒక తరగతిలో కొత్త సభ్యుణ్ణి చేర్చితే పాత ప్రోగ్రాముల లెక్క తప్పుతుంది. అందుకని ముందుచూపుతో ప్రతి తరగతిలోనూ ఖాళీ గదులు, ఊరకే పేరు పెట్టిన వర్చువల్ ఫంక్షన్లు ఉంచారు. హెడర్ ఫైళ్లు తెరిచి చూస్తే రిజర్వ్‌డ్ అనే మాట వరసగా కనిపించేది. ఆ గదులు కాపాడింది కొంతవరకే. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరే మారితే ఏ ఖాళీ గదీ ఆదుకోలేదు.

పాతడిస్కు (సోమవారం, రాత్రి 8:10)

నాలుగోపొర గారూ, మీరు చెప్పిన లోపాలు ఉన్న మాట నిజం, నా మోడెం కథే దానికి సాక్ష్యం. అయితే లోపాలు దిద్దడానికి కాలం కావాలి, కాలానికి డబ్బు కావాలి, డబ్బుకు అమ్మకాలు కావాలి. కోఠిసెంటర్ గారు చెబుతున్నది ఆ మూడో మెట్టు గురించి. బోన్ పూర్తయ్యేదాకా నిలవగలిగే సంస్థ అయి ఉంటే మనం ఈరోజు వేరేలా మాట్లాడుకునేవాళ్లం.

అక్షరమాల (మంగళవారం, ఉదయం 6:35)

తెలుగువారిగా మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. బీఓఎస్‌లో ఫైళ్ల పేర్లు, మెనూలు, సందేశాలు అన్నీ యూటీఎఫ్-8లోనే (అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలున్న యూనికోడ్ పద్ధతిలోనే) ఉండేవి. విండోస్ 98 రోజుల్లో మనవాళ్లు తెలుగు రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లనే వాడేవారు. ఫాంటు లేని యంత్రంలో ఆ ఉత్తరం అర్థంకాని గీతల్లా కనబడేది. ఆ కాలంలో ఒక ఇంటి వ్యవస్థ మన అక్షరాలను మన అక్షరాలుగా డిస్కు మీద దాచగలగడం చిన్న సంగతి కాదు.

కానీ చూపగలగడం వేరు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు వరసగా వస్తే క్ష అనే ఒకే ఆకారం గీయాలని చెప్పే పొర అందులో లేదు. దాచినది సరిగ్గా ఉన్నా, తెర మీద ముక్కలు ముక్కలుగా వచ్చేది. సరైన పునాది వేసి పై అంతస్తు కట్టకుండా ఆగిన ఇల్లు అనుకోవచ్చు. మనకు విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో.

తాళంచెవి (మంగళవారం, ఉదయం 8:02)

ఆ పనిమంతులు ఎక్కడికి వెళ్లారో కూడా చెప్పాలి. జంపావ్లో ఆపిల్‌కు వెళ్లి స్పాట్‌లైట్ వెతుకులాట మీద, తర్వాత ఏపీఎఫ్ఎస్ ఫైల్ సిస్టం మీద పనిచేశాడు. బీ సంస్థలో మొదలైన బైండర్ అనే సందేశ వ్యవస్థ పామ్‌లో ఓపెన్ బైండర్‌గా పెరిగింది. దాని మీద పనిచేసిన డయాన్ హ్యాక్‌బర్న్ గూగుల్‌కు వెళ్లారు, ఆ ఆలోచనే ఆండ్రాయిడ్ బైండర్ అయింది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులో ఒక యాప్ మరోదానితో మాట్లాడిన ప్రతిసారీ నడుస్తున్నది ఆ వంశానిదే.

వ్యవస్థను మాత్రం వాడుకరులే తిరిగి రాయడం మొదలుపెట్టారు. 2001లో ఓపెన్‌బీఓఎస్ పేరుతో మొదలై, 2004లో హైకూ అయింది. బీఓఎస్ బ్రౌజరు నెట్‌పాజిటివ్ తన దోష సందేశాలను జపనీయుల హైకూ పద్యాల రూపంలో చూపేది, ఆ జ్ఞాపకంగా పెట్టిన పేరు. కెర్నెల్‌ను బీ సంస్థలో పనిచేసిన ట్రావిస్ గైసెల్‌బ్రెక్ట్ రాసిన న్యూఓఎస్ నుంచి తీసుకున్నారు. మొదటి ఆల్ఫా 2009లో, మొదటి బీటా 2018లో, ఐదో బీటా 2024లో వచ్చాయి. పాత బీఓఎస్ ప్రోగ్రాములు యథాతథంగా నడవాలని దాని 32 బిట్ల ప్రతిలో జీసీసీ 2 కంపైలరును ఇప్పటికీ మోస్తున్నారు. నాలుగోపొర గారు చెప్పిన ఇబ్బంది ఇదే.

కొత్తకెర్నెల్ (బుధవారం, రాత్రి 11:20)

మీ అందరి టపాలూ రెండుసార్లు చదివి, హైకూను వర్చువల్ యంత్రంలో వేసుకుని చూశాను.

నా పాఠాల నోట్సు నలభై ఫైళ్లు అందులోకి తెచ్చి, ప్రతిదానికీ అధ్యాయం అనే లక్షణం తగిలించాను. ఆ తర్వాత ఆ లక్షణానికి సూచిక తయారుచేసి వెతికితే ఒక్క ఫైలు కూడా రాలేదు. గంటసేపు నా తప్పే అనుకున్నాను. సూచిక పుట్టిన తర్వాత రాసిన లక్షణాలే అందులోకి చేరతాయని, అంతకుముందువి దాని కంట పడవని పత్రాలు చదివాక అర్థమైంది. వెతుకులాట విండోను తెరిచే ఉంచి, పక్కన టెర్మినల్‌లో పాత ఫైళ్లను సూచికలో చేర్చే రీఇండెక్స్ ఆదేశం ఇచ్చాను. ఖాళీగా ఉన్న ఆ విండోలోకి ఫైళ్లు ఒకటొకటిగా వచ్చి కూర్చుంటుంటే లెక్కపెట్టాను. నలభై వచ్చాయి.

సూచిక గారూ, ఆ పట్టిక నిండుతుండగానే విండోను పట్టుకుని తెర అంతా తిప్పి చూశాను. ఎక్కడా ఆగలేదు.